క్షయవ్యాధి - డెన్వర్ నగరపు యూదు వైద్యులు

వైద్యశాస్త్ర చరిత్రలో రెండు సంవత్సరాలను మన విద్యార్థులు కంఠస్థం చేస్తారు. 1882 మార్చి 24న బెర్లిన్ నగరంలో రాబర్ట్ కాక్ క్షయవ్యాధికి కారణమైన సూక్ష్మక్రిమిని లోకానికి ప్రకటించాడు. 1943లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఆ క్రిమిని అణచగల స్ట్రెప్టోమైసిన్ లభించింది. ఈ రెండు తేదీలు వ్రాస్తే పరీక్షలో మార్కులు వస్తాయి. ఆ రెంటికీ నడుమ 61 సంవత్సరాలు గడిచాయన్న సంగతిని ఏ ప్రశ్నపత్రమూ అడగదు. వ్యాధికి మూలం తెలుసు. ఆ క్రిమిని గాజుపలక మీద రంగువేసి చూపవచ్చు. కాని రోగికి ఇవ్వడానికి మందు లేదు. అటువంటి కాలంలో దగ్గుతూ, రక్తం కక్కుతూ వచ్చిన మనిషిని వైద్యుడు ఏమి చేయాలి? నయం కాడని తెలిసిన రోగికి పడక ఇవ్వాలా, వద్దా? ఈ ప్రశ్నను అమెరికాలోని ఒక వలస సమాజం ఎంతో బాధతో, కొంత కలహంతో ఎదుర్కొన్నది. ఆ కథే ఈ వ్యాసానికి విషయం.

రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ 1881లో హత్యకు గురైన తరువాత ఆ సామ్రాజ్యంలోని యూదుల మీద దాడులు చెలరేగాయి. 1882లో వచ్చిన శాసనాలు వారి నివాసాన్ని, వృత్తులను మరింత కట్టడి చేశాయి. అప్పటి నుండి 1924లో అమెరికా తన వలస ద్వారాలను దాదాపు మూసివేసే వరకు 20 లక్షలకు పైగా తూర్పు యూరపు యూదులు సముద్రం దాటారు. వారిలో అత్యధికులు న్యూయార్కులోనే ఓడ దిగి, అక్కడే ఆగిపోయారు. నగరపు ఆగ్నేయ భాగంలోని పదవ వార్డులో 1890 నాటికి ఎకరాకు 500 మందికి మించి జనం నివసించేవారని లెక్కలు చెబుతున్నాయి. ఐదారు అంతస్తుల అద్దె మేడలు. లోపలి గదులకు వీధి గాలి తగలదు. రెండు మేడల మధ్య వదిలిన సన్నని గాలిగొట్టమే వెలుతురుకూ, దుర్గంధానికీ ఒకే దారి. ఆ గదులలోనే పగలంతా కుట్టు మిషన్లు నడిచేవి. అంగరఖాలు కుట్టేవాడు, గుండీకాజాలు తీసేది, ఇస్త్రీ చేసేవాడు, నేల మీద పాకే పసిబిడ్డ, మూల మంచం మీద దగ్గే తాత - అందరూ పీల్చేది ఒకే గాలి.

క్షయ అటువంటి చోటును వెతుక్కుని వచ్చే వ్యాధి. అప్పటి అమెరికాలో అది అందరినీ చంపుతూనే ఉన్నది. 1900లో నమోదైన మరణాలలో లక్ష జనాభాకు 194 మంది క్షయతోనే పోయారు. అయినా వలస వచ్చిన యూదులకు అది తమ వృత్తికి అంటుకున్న రోగంగా కనిపించింది. దర్జీల జబ్బు అన్నారు, శ్రామికుల జబ్బు అన్నారు. మన ఉర్దూ మాధ్యమ మిత్రులు దీనిని తపేదిఖ్ అంటారు. తెలుగువారు క్షయ అన్నారు, మన ఆయుర్వేద గ్రంథాలు రాజయక్ష్మ అన్నాయి. పేరు ఏదైనా ఇంట్లో వినిపించగానే జరిగేది ఒకటే. మా నాయనమ్మ కాలంలో ఆ పేరు పైకి అనేవారు కారు; కంచం వేరు చేయడంతోనే సంగతి అందరికీ తెలిసిపోయేదట.

మందు లేని ఆ కాలంలో వైద్యులు నమ్మినవి మూడు: స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం. దీనికి ఆధారం లేకపోలేదు. తానే క్షయరోగి అయిన ఎడ్వర్డ్ ట్రూడో అనే అమెరికన్ వైద్యుడు 1886 ప్రాంతంలో కుందేళ్ళ మీద ఒక ప్రయోగం చేశాడు. క్రిములు ఎక్కించిన ఐదు కుందేళ్ళను చీకటి, చెమ్మ కల పెట్టెలో అరకొర తిండితో ఉంచాడు. వాటిలో నాలుగు చచ్చాయి. క్రిములు ఎక్కించిన మరి ఐదింటిని ఒక చిన్న ద్వీపంలో వదిలి కడుపునిండా మేపాడు. వాటిలో ఒక్కటే చచ్చింది. క్రిములు ఎక్కించకుండా చీకటిలో, అర్ధాకలితో ఉంచిన మూడవ ఐదూ చిక్కి శల్యమైనవి కాని, వాటికి క్షయ రాలేదు. క్రిమి లేనిదే వ్యాధి లేదు. కాని క్రిమి ప్రవేశించిన తరువాత ప్రాణి బ్రతుకుతుందా, చస్తుందా అన్నది దాని పరిసరాలను బట్టి కూడా ఉంటుంది. పదిహేను కుందేళ్ళతో చేసిన ఈ చిన్న ప్రయోగాన్ని జీవశాస్త్ర విద్యార్థులు మనసులో పెట్టుకోవాలి. శానిటోరియం అనే వ్యవస్థ అంతా దీని నీడలోనే పెరిగింది.

గాలి మంచిదైన చోటికి వెళ్ళమని న్యూయార్కు, ఫిలడెల్ఫియా వైద్యులు రోగులకు సలహా ఇచ్చేవారు. ఆ సలహా చీటీలో తరచుగా కనిపించే పేరు కొలరాడో రాష్ట్ర రాజధాని డెన్వర్. సముద్ర మట్టానికి 5,280 అడుగుల ఎత్తు, పొడి గాలి, ఏడాదిలో అధిక భాగం ఎండ. ధనవంతుడు హోటలులో గది తీసుకునేవాడు. దర్జీ పనివాడు ఉన్నదంతా అమ్మి రైలు టిక్కెట్టు కొని, వేయిన్నర మైళ్ళకు పైగా ప్రయాణం చేసి, స్టేషనులో దిగేసరికి జేబు ఖాళీ. పని దొరకదు, దొరికినా చేయలేడు, దగ్గు విని ఇల్లు అద్దెకు ఇచ్చేవాడు ఉండడు. బీదరోగులు వీధులలోనే కూలబడే స్థితి ఏర్పడింది. సలహా ఇచ్చిన వైద్యుడు రైలు దిగిన తరువాతి మాట ఆలోచించలేదు. సలహా ఒకరిది, పర్యవసానం మరొకరిది కావడం వైద్యంలో నేటికీ చూస్తున్నదే.

యిడ్డిష్ కవి డేవిడ్ ఎడెల్‌స్టాట్ అలా వచ్చినవారిలో ఒకడు. కుట్టు కార్ఖానాలో గుండీకాజాలు తీసే పని చేస్తూ, శ్రామికుల కష్టాలను పాటలు కట్టిన ఆ యువకుడు 1892లో డెన్వర్‌లోనే క్షయతో మరణించాడు. వయస్సు 26 సంవత్సరాలు.

వీధిలో పడిపోయిన రోగులను చూసి మొదట కదిలినది వైద్యులు కారు, ఒక గృహిణి. ఫ్రాన్సెస్ జేకబ్స్ అనే ఆమె బవేరియా నుండి వలస వచ్చిన యూదుల కుమార్తె. బీదల ఇళ్ళకు తిరిగి సహాయం చేయడంలో డెన్వర్ నగరమంతటా పేరు పొందిన స్త్రీ. నగరంలోని రబ్బీ విలియం ఫ్రీడ్‌మన్ ఆమెతో చేయి కలిపారు. 1892 అక్టోబరులో ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. తరువాతి నెలలోనే ఆమె మరణించింది. కట్టడం పూర్తి అయ్యేసరికి 1893లో వెండి ధర పడిపోయి, వెండి గనుల మీద బ్రతికే కొలరాడో దివాళా స్థితికి వచ్చింది. కట్టిన ఆసుపత్రి ఆరేళ్ళు తాళంతో నిలిచిపోయింది. చివరకు బ్నై బ్రిత్ అనే యూదు సేవాసంఘం దేశవ్యాప్తంగా చందాలు కూర్చడానికి పూనుకోగా 1899 డిసెంబరు 10న నేషనల్ జ్యూయిష్ హాస్పిటల్ తలుపులు తెరుచుకున్నాయి. 60 మందికి చోటు. చికిత్స పూర్తిగా ఉచితం. డబ్బు ఇవ్వగలవారికి అసలు ప్రవేశమే లేదు. యూదులు యూదుల చందాతో కట్టిన ఆ వైద్యశాలలో మొదటి రోగిగా చేరినది యూదు స్త్రీ కాదు, మిన్నెసోటా నుండి వచ్చిన స్వీడిష్ స్త్రీ. మతభేదం లేకుండా అందరినీ చేర్చుకోవాలన్నది వ్యవస్థాపకుల నియమం.

ఇంతవరకు ఏ కలహమూ లేదు. కలహం ప్రవేశ నియమాలలో వచ్చింది. వ్యాధి తొలిదశలో ఉన్నవారినే చేర్చుకుంటామని, ఆరు నెలలకు మించి ఉంచుకోలేమని ఆ వైద్యశాల నిర్ణయించింది. ఈ నియమంలో కపటం ఏమీ లేదని నా అభిప్రాయం. పడకలు 60, దేశమంతటి నుండి వచ్చే దరఖాస్తులు లెక్కలేనన్ని. బ్రతకడని తెలిసిన ఒకనిని ఏడాది పొడవునా ఉంచుకుంటే, బ్రతకగల ఇద్దరికి ఆ పడక దక్కదు. చందాదారుడు కూడా ఎందరు నయమై వెళ్ళారని అడుగుతాడు, ఎందరు ప్రశాంతంగా మరణించారని అడగడు. యుద్ధరంగంలో క్షతగాత్రులను విభజించే వైద్యుడు చేసేది ఇదే. లెక్కగా చూస్తే తప్పు పట్టడం కష్టం.

కాని తిరస్కరించబడినవాడు ఆ లెక్కలో నుంచి మాయమైపోడు. వాడు అదే నగరంలో, అదే వీధిలో ఉంటాడు. తిరిగి వెళ్ళడానికి టిక్కెట్టు డబ్బు ఉండదు. ఉంటే న్యూయార్కులోని ఆ గాలి లేని గదికే చేరి, భార్యాబిడ్డల మధ్య దగ్గుతాడు. వైద్యశాస్త్రం దృష్టితో చూసినా ఇక్కడ ఒక వైపరీత్యం కలదు. తొలిదశ రోగి కఫంలో క్రిములు తక్కువ. ముదిరిన రోగి ఊపిరితిత్తులలో గుహలు ఏర్పడి ప్రతి దగ్గుతోనూ క్రిములు వెదజల్లుతాడు. ఎవని వలన ఇతరులకు ఎక్కువ ప్రమాదమో వానినే వైద్యశాల బయట నిలబెట్టినట్లయింది. దయాదృష్టితో చూసినా, అంటువ్యాధి నివారణ దృష్టితో చూసినా ముదిరిన రోగికి పడక అవసరమే.

రెండవ అసంతృప్తి వంటశాలకు సంబంధించినది. నేషనల్ జ్యూయిష్ నిర్వాహకులు ఎక్కువగా జర్మనీ నుండి ఒక తరం ముందు వచ్చి స్థిరపడినవారు; మతాచారాలలో సంస్కరణవాదులు; ఇంగ్లీషు మాట్లాడేవారు. రోగులలో అధికులు రష్యా, పోలండు, రుమేనియాల నుండి వచ్చిన సనాతనాచార పరులు, యిడ్డిష్ మాట్లాడేవారు. మొదటి సంవత్సరాలలో ఆ వైద్యశాలలో యూదు ధర్మశాస్త్రం ప్రకారం వండే కోషెర్ వంటశాల లేదు. హలాల్ నియమం తెలిసిన మన కళాశాల విద్యార్థులకు దీని బరువు వేరుగా వివరించనవసరం లేదు. క్షయ మొదట చంపేది ఆకలినే. ఆకలి చచ్చిన మనిషి ముందు, తినకూడదని పుట్టినప్పటి నుండి నేర్చుకున్న పదార్థం పెడితే పళ్ళెం అలాగే వెనక్కి పోతుంది. అన్నమే మందు అయినప్పుడు వంటవాడు కూడా వైద్యులలో ఒకడే.

ఈ రెండు అసంతృప్తుల నుండి 1904లో డెన్వర్‌లో రెండవ సంస్థ పుట్టింది. పేరు జ్యూయిష్ కన్సంప్టివ్స్ రిలీఫ్ సొసైటీ, అనగా యూదు క్షయరోగుల సహాయ సంఘం. దానిని స్థాపించినవారు ధనవంతులు కారు. తూర్పు యూరపు నుండి వచ్చిన చిన్న పనివారు, వారిలో అనేకులు స్వయంగా క్షయరోగులు. ఇద్దరు వైద్యులు దానికి వెన్నెముకగా నిలిచారు. అధ్యక్షులుగా డాక్టర్ ఫిలిప్ హిల్కోవిట్జ్ 1904 నుండి 1948లో మరణించే వరకు, అనగా 44 సంవత్సరాలు పనిచేశారు. ఆయన రోగనిర్ణయ శాస్త్రంలో నిపుణులు, 1922లో అమెరికా క్లినికల్ పేథాలజిస్టుల సంఘాన్ని స్థాపించినవారిలో ముఖ్యులు. కార్యదర్శి డాక్టర్ ఛార్లెస్ స్పివాక్. ఈ వ్యాసంలో నేను ఎక్కువసేపు నిలవదలచినది ఆయన దగ్గరనే.

స్పివాక్ 1861లో రష్యా సామ్రాజ్యంలోని క్రెమెన్‌చుక్ పట్టణంలో జన్మించారు. విప్లవ భావాల వలన పోలీసుల దృష్టిలో పడి 1882లో అమెరికాకు తప్పించుకుని వచ్చారు. కాక్ తన క్రిమిని ప్రకటించినదీ ఆ సంవత్సరమే. వచ్చిన కొత్తలో ఆయన కూలిపని చేశారు, మిల్లులో పనిచేశారు, న్యూజెర్సీలోని యూదు వ్యవసాయ స్థావరంలో మట్టి పిసికారు. ఆ చేతులతోనే చదువుకుని 1890లో ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్యకళాశాల నుండి పట్టా పొందారు. 1896లో భార్య ఆరోగ్యం కోసం డెన్వర్ చేరారు. రోగులు ఏ దారిన వచ్చారో వైద్యుడూ ఆ దారినే వచ్చాడన్నమాట.

1904 సెప్టెంబరులో నగరం వెలుపల పడమటి దిక్కున 20 ఎకరాల భూమిలో కొన్ని గుడారాలతో వైద్యం మొదలైంది. చెక్క చట్రం, చెక్క నేల, పైన కాన్వాసు గుడ్డ. తొలి రోగులు ఏడుగురు. గుడారం పేదరికానికి గుర్తే కాని, గాలి ఆడడమే చికిత్స అయిన రోజులలో అది మంచి వార్డు కూడా. చలికాలంలో మంచు కురుస్తుండగా దుప్పట్లు కప్పుకుని ఆరుబయట పడుకునేవారు. పాలు, గుడ్లు విరివిగా పెట్టేవారు. ఉష్ణమాపకం రోజుకు పలుమార్లు. ఉమ్మి వేయడానికి మూత గల పాత్రలు, వాటిని కాల్చివేసే ఏర్పాటు. జ్వరం ఉన్నంతకాలం లేచి నడవడం నిషిద్ధం. ఉన్న ఔషధమంతా ఇదే.

ఈ సంఘం ఏ దశలో ఉన్న రోగినైనా చేర్చుకున్నది. ఆరు నెలల గడువు పెట్టలేదు. కోషెర్ వంటశాల, ప్రార్థన, శనివారపు విశ్రాంతి, యిడ్డిష్ మాట - ఇవన్నీ చికిత్సలో భాగంగానే ఎంచింది. ఇతర మతస్థులకు తలుపు మూయలేదు. ఒక్క ప్రాణాన్ని కాపాడినవాడు ఒక లోకాన్నే కాపాడినట్లని తాల్ముద్ చెప్పిన భావాన్ని తన ముద్రావాక్యంగా స్వీకరించింది. దివ్య ఖురాన్‌లోని అల్-మాయిదా అధ్యాయం 32వ ఆయత్‌లో ఇదే భావం ఇస్రాయీల్ సంతతికి విధించిన శాసనంగా పేర్కొనబడిందని మన దీనియాత్ విద్యార్థులకు విదితమే.

రెండు సంస్థల మధ్య మాటల యుద్ధం చాలాకాలం నడిచింది. ఒకే నగరంలో ఒకే వ్యాధికి ఒకే సమాజం రెండు వైద్యశాలలను పోషించడం దుబారా అని పాత సంస్థవారు అన్నారు. చావబోయేవారి మీద ధనం వెచ్చించడం వివేకం కాదన్నారు. మీ దానంలో దర్పం ఉన్నది, రోగిని మనిషిగా చూడరు అని కొత్త సంస్థవారు అన్నారు. ఈ రెండవ ఆరోపణ కొంత అతిశయోక్తి. నేషనల్ జ్యూయిష్‌లో ప్రాణం దక్కినవారు తక్కువ కాదు. అయితే ఒక మాట నిజం: నయమైనవారి శాతాన్ని బట్టి వైద్యశాల గొప్పతనాన్ని కొలిస్తే, ఆ శాతం ప్రవేశ ద్వారం దగ్గరే నిర్ణయమైపోతుంది. తేలిక రోగులను చేర్చుకున్నచోట మరణాలు తక్కువే ఉంటాయి. ఉత్తీర్ణతా శాతం కోసం బలహీన విద్యార్థులకు ప్రవేశం ఇవ్వని పాఠశాలలను ఎరిగిన మనకు ఈ గణాంకాల సంగతి కొత్త కాదు.

డబ్బు ఎలా వచ్చింది? పెద్ద దాతలు కొందరు తరువాత చేరినా, మొదటి కాలంలో సంఘాన్ని నిలిపినది దర్జీల, తోపుడుబండ్లవారి, కార్మిక సంఘాల చిల్లర చందాలే. చందాలు కూర్చడానికి ఊరూరా తిరిగినవారిలో యెహోయాష్ అనే కలం పేరు గల కవి ఒకరు. ఆయనా క్షయరోగిగానే 1900లో డెన్వర్ వచ్చి సుమారు పదేళ్ళు అక్కడ ఉన్నారు. తరువాత హీబ్రూ బైబిలును యిడ్డిష్‌లోకి అనువదించి ప్రసిద్ధులైనారు. ఈ కవీ, వైద్యుడైన స్పివాకూ కలసి 1911లో ఒక నిఘంటువు ప్రకటించారు. యిడ్డిష్‌లో వాడుకలో ఉన్న హీబ్రూ, ఆరమాయిక్ పదాలకు అర్థాలు చెప్పే గ్రంథం అది. యిడ్డిష్ వ్యాకరణం జర్మనుకు దగ్గర, లిపి హీబ్రూ, శాస్త్ర పదాలు పూర్వభాషలవి. వ్యాకరణం హిందూస్థానీదై, లిపి, ఉన్నత పదజాలం అరబ్బీ-ఫారసీలవైన ఉర్దూతో పోల్చి చూస్తే ఈ నిఘంటువు అవసరం వెంటనే బోధపడుతుంది. కఫపరీక్షలు చూసే వైద్యునికి నిఘంటువుతో పని ఏమిటని అడగవచ్చు. రోగి ఏ భాషలో నొప్పి చెప్పుకుంటాడో ఆ భాష చులకన కారాదని ఆయన భావించి ఉంటారని నేననుకుంటాను.

స్పివాక్ 1927లో మరణించారు. ఆయన వీలునామా చాలా విచిత్రమైనది. తన దేహాన్ని సమీపంలోని వైద్యకళాశాలకు ఇవ్వాలని, దానిని పరిశీలించి కోసే విద్యార్థులలో యూదులు, యూదేతరులు సమాన సంఖ్యలో ఉండాలని, ఆ తరువాత ఎముకలను కూర్చి అస్థిపంజరాన్ని జెరూసలేం విశ్వవిద్యాలయానికి బోధన నిమిత్తం పంపాలని కోరారు. మృతదేహాన్ని కోయడం యూదు సంప్రదాయంలో నిషిద్ధంగా ఎంచే కార్యం. సనాతన రోగుల కోసం కోషెర్ వంటశాల పట్టుబట్టి పెట్టించిన మనిషి, తన విషయంలో మాత్రం ఆచారాన్ని అంత దూరం దాటడం గమనింపదగిన విషయం. ఇతరుల ఆచారాన్ని గౌరవించడానికి తాను దానిని పాటించి తీరవలసిన అవసరం ఆయనకు కనబడలేదు.

ఆ నాటికి గుడారాల చోట పక్కా కట్టడాలు లేచాయి. 20 ఎకరాలు వందకు మించాయి. సొంత పాడి, కోళ్ళు, తోట, ప్రార్థనాలయం ఏర్పడ్డాయి. అక్కడి తపాలా కార్యాలయానికి స్పివాక్ పేరే పెట్టారు. మరొక ప్రసిద్ధ యిడ్డిష్ కవి లైవిక్ 1930ల దశకంలో కొన్నేళ్ళు అక్కడే రోగిగా ఉండి కవిత్వం వ్రాశాడు.

డెన్వర్ వైద్యులు ఎంత చేసినా ఒక చిక్కు వారి చేతికి అందలేదు. కోలుకున్నవాడు న్యూయార్కు తిరిగి వెళ్ళి అదే మిషను ముందు కూర్చుంటే రెండేళ్ళలో మళ్ళీ రక్తం కక్కేవాడు. ఈ చిక్కును పట్టుకున్నది న్యూయార్కులోని ఇద్దరు వలస వైద్యులు. స్పివాక్ వలెనే 1882లో రష్యా నుండి వచ్చిన డాక్టర్ జార్జి ప్రైస్, రోగి మంచం విడిచి కార్ఖానాకే నడిచారు. 1910లో అంగరఖాల పనివారి పెద్ద సమ్మె ముగింపులో యజమానులకూ, కార్మికులకూ కుదిరిన ఒప్పందం ప్రకారం ఒక ఉమ్మడి పారిశుద్ధ్య మండలి ఏర్పడగా, దానికి ఆయన సంచాలకులైనారు. కిటికీలు, గాలి, వెలుతురు, మరుగుదొడ్లు, నిప్పు ప్రమాదం వేళ బయటపడే దారులు - ఒక్కొక్క కార్ఖానానూ తనిఖీ చేయించారు. ఆ పని నుండే కార్మిక సంఘం సొంత వైద్యకేంద్రం కూడా రూపొందింది.

రెండవవారు డాక్టర్ మోరిస్ ఫిష్‌బర్గ్. ఆయన పోరాటం అపవాదు మీద. క్షయను మోసుకొస్తున్నది ఈ వలసదారులేనని అమెరికాలో కొందరు గట్టిగా ప్రచారం చేసేవారు. 1907 వలస చట్టం క్షయరోగుల ప్రవేశాన్ని స్పష్టంగా నిషేధించింది. ఫిష్‌బర్గ్ 1901లోనే మరణాల పట్టికలు ముందుపెట్టి, అంత ఇరుకు వాడలలో నివసిస్తున్నా యూదులలో క్షయ మరణాలు ఇతరులకన్న తక్కువగానే ఉన్నాయని చూపించారు. కారణం జాతి రక్తంలో ఉన్నదని చెప్పి ఊరుకోలేదు. తరతరాలుగా పట్టణాలలో బ్రతికిన చరిత్రలోను, జీవన పద్ధతులలోను వెతికారు. 1916లో ఆయన వ్రాసిన ఊపిరితిత్తుల క్షయ గ్రంథం వైద్యుల చేతులలో చాలాకాలం నిలిచింది. నిందకు కోపంతో కాక పట్టికలతో జవాబు చెప్పిన ఆయన పద్ధతి చరిత్ర విద్యార్థులు కూడా చూడదగినది.

తరువాతి కథ త్వరగా నడిచింది. స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో కనుగొన్నది ఆల్బర్ట్ షాట్జ్ అనే యువ పరిశోధకుడు; ఆ ప్రయోగశాల అధిపతి సెల్‌మన్ వాక్స్‌మన్, 1910లో ఉక్రెయిన్ ప్రాంతం నుండి వలస వచ్చిన యూదుడు. ఘనత ఎవరిదన్న తగాదా న్యాయస్థానం దాకా వెళ్ళింది. 1952లో నోబెల్ బహుమతి వాక్స్‌మన్ ఒక్కరికే లభించింది. అదే ఏడాది ఐసోనియాజిడ్ వచ్చింది. పడకలు ఖాళీ కాసాగాయి. యూదు క్షయరోగుల సహాయ సంఘం 1954లో కాన్సర్ వైద్య పరిశోధనకు మారింది. నేషనల్ జ్యూయిష్ నేటికీ డెన్వర్‌లో శ్వాసకోశ వ్యాధుల వైద్యశాలగా ప్రసిద్ధి చెంది ఉన్నది.

శానిటోరియం వ్యవస్థకు చివరి తీర్పు మన ఇరుగుపొరుగున వెలువడినదని తెలిస్తే విద్యార్థులు ఆశ్చర్యపడతారు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుండి దక్షిణాది రోగులను ఆదుకుంటూ ఉన్నది. అయితే దేశంలోని లక్షలాది రోగులకు అటువంటి పడకలు ఎన్ని కట్టగలం? ఈ ప్రశ్నతో మద్రాసులో 1956లో క్షయ ఔషధ చికిత్సా కేంద్రం స్థాపించబడింది. బీదవాడల రోగులలో కొందరిని శానిటోరియంలో, కొందరిని వారి ఇరుకు ఇళ్ళలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చి పోల్చారు. మందు క్రమంగా మింగితే ఇంటి దగ్గర ఉన్నవాడూ దాదాపు అంత బాగానే కోలుకుంటాడని, ఇంటివారికి అదనపు ప్రమాదం లేదని 1959లో ఫలితాలు ప్రకటించారు. ప్రపంచమంతటా శానిటోరియాలు మూతపడడానికి ఈ అధ్యయనం ఒక ముఖ్య కారణం.

గాలి, ఎత్తు, ఎండల మీద డెన్వర్ వైద్యులు పెట్టుకున్న నమ్మకంలో చాలా భాగం అలా వీగిపోయింది. తిండి మీది నమ్మకం వీగలేదు. జార్ఖండ్‌లో క్షయరోగుల ఇంటివారికి అదనపు ఆహారం ఇచ్చి చూస్తే వారిలో కొత్తగా వ్యాధి సోకడం గణనీయంగా తగ్గిందని 2023లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. ప్రపంచ క్షయరోగులలో సుమారు నాలుగవ వంతు నేటికీ మన దేశంలోనే ఉన్నారు.

సహాయ సంఘంలో చేరిన సుమారు పదివేల మంది రోగుల కాగితాలు డెన్వర్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఒక్కొక్క రోగికి ఒక్కొక్క దస్త్రం: పుట్టిన ఊరు, వృత్తి, ఏ ఏట ఓడ దిగినది, ఎంత బరువు, ఏ దశలో చేరినది, చివరకు ఏమైనది. నయమై వెళ్ళినవారి దస్త్రాలూ, అక్కడే కన్నుమూసినవారి దస్త్రాలూ ఒకే వరుసలో ఉన్నాయి.